ఆయుధానికి అనుమతి: పాలెగాళ్ల నాటి నుంచి నేటి వరకు



కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈనాటికీ ఎన్నో ఉన్నాయి. వీరి పూర్వులు విజయనగర ప్రభువుల కాలంలోనూ, ఆ తర్వాత మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి తరలివెళ్లినవారు. అలా వెళ్లినవారిలో నల్లరేగడి వెతుక్కుంటూ పోయిన సేద్యగాళ్లున్నారు, వర్తకులున్నారు, ఆయుధం పట్టి బతికినవారూ ఉన్నారు. ఈ చివరివారి కథతోనే ఈనాటి ప్రసంగం మొదలవుతుంది. తుపాకి ఉంచుకోవడానికి సర్కారు అనుమతి కావాలనే కట్టుబాటు మన దక్షిణదేశంలో ఎలా వచ్చింది, ఇప్పుడు ఎలా నడుస్తోంది అన్నది మన విషయం.

మధురలో నాయక రాజ్యానికి మూలపురుషుడు విశ్వనాథ నాయకుడు. ఆయన, ఆయన దళవాయి అరియనాథ మొదలియారు కలిసి రాజ్యాన్ని 72 పాళయాలుగా ఏర్పరచారని చెప్తారు. పాళయమంటే దండు విడిసిన చోటు. దాన్ని ఏలేవాడే పాలెగాడు. భూమి అనుభవించినందుకు అతడు రాజుకు కప్పం కట్టాలి, కబురు వస్తే బలగంతో కదలాలి. దీనికి తోడు ఊళ్లకు కావలి కాయాలి. అందుకు ఊరివాళ్లు కావలి రుసుం ఇచ్చేవారు. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవడమో, నష్టం కట్టడమో కావలివాడి బాధ్యత. రైతుకు నాగలి ఎలాగో, ఆ మనిషికి ఈటె, కత్తి, తుపాకి అలాగ. వాటికి ఒకరి అనుమతి చీటీ అక్కరలేదు. అతని పనే అతనికి అనుమతి.

ఈస్టిండియా కంపెనీ వచ్చాక ఈ లెక్క మారిపోయింది. పన్ను వసూలు చేసే హక్కు తనదన్న కంపెనీకి, పన్ను కట్టవలసినవాడి చేతిలో కోట, బలగం ఉండడం గిట్టలేదు. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళం కులానికి చెందినవాడు. 1799 సెప్టెంబరులో మేజర్ బానర్మన్ ఆ కోట మీద దాడి చేశాడు. అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీశారు. వెంటనే కోటలు పడగొట్టాలనీ, ఆయుధాలు అప్పగించాలనీ తక్కిన పాలెగాళ్లకు ఆజ్ఞలు వెళ్లాయి.

అయినా ఆ నిప్పు ఆరలేదు. పళని దగ్గరి విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుడు చుట్టుపక్కలవారిని కూడగట్టాడు. 1800 జూన్‌లో కోయంబత్తూరులోని కంపెనీ దండు మీద తిరుగుబాటుదారులు దెబ్బతీయాలని చూశారు. అది ఫలించలేదు. పట్టుబడినవారిలో ఎందరినో ఉరితీశారు. మరుసటి ఏడు కట్టబొమ్మన తమ్ముడు ఊమైదురై చెర తప్పించుకుని వచ్చి, పాంచాలంకురిచ్చి కోటను మళ్లీ లేపాడు. 1801లోనే ఆ కోటా కూలింది. ఊమైదురై, గోపాల నాయకుడు, శివగంగ మరుదు సోదరులు అందరూ ఉరికంబం ఎక్కారు.

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు ఒక ప్రకటన చేశాడు. సర్కారు అనుమతించినవారు తప్ప మరెవరూ ఆయుధాలు వాడరాదన్నది దాని సారాంశం. అంతవరకు మనిషి వృత్తిని బట్టి, స్థానాన్ని బట్టి ఉన్న ఆయుధం, ఆ రోజు నుంచి సర్కారు ఇస్తే ఉండేదిగా మారింది. కావలి రుసుములు కంపెనీ చేతికి పోయాయి. తరతరాలుగా కాపలాతో బతికిన కుటుంబాలు ఒక్కసారిగా జీవనం పోగొట్టుకున్నాయి. మన సీమలోనూ ఇదే జరిగింది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను అణచివేశాడు. ఆ అణచివేత తర్వాత రగిలిన అసంతృప్తే 1847లో కోయిలకుంట్లలో ఉరి పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ.

1857 తర్వాత ఈ కట్టడి దేశమంతటా బిగిసింది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు లైసెన్సు తీసుకోవాలి, ఐరోపావారికి మాత్రం మినహాయింపు. ఆయుధం కంటే ఈ వివక్షే జనానికి ఎక్కువ గుచ్చుకుంది. అందుకే 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానించిన హక్కుల్లో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేరింది.

స్వతంత్ర భారతంలో 1959లో కొత్త చట్టం చేశారు. అది 1962 నుంచి అమలులో ఉంది. జాతి భేదం పోయింది గానీ లైసెన్సు ఉండిపోయింది. 21 ఏళ్లు నిండినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. పోలీసులు విచారించి నివేదిక పంపుతారు. ఆ పైన జిల్లా మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు, కమిషనరేటు ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరు నిర్ణయించవచ్చు. పంట కాపలాకు, ఆత్మరక్షణకు అడిగే పొడవు గొట్టం తుపాకికి ఒక దారి ఉంది. రివాల్వరు, పిస్తోలు వంటి చేతి తుపాకికి మాత్రం తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. బెదిరింపులున్నా, పెద్ద మొత్తాలు చేతులు మారే వ్యాపారమున్నా, వాటికి రుజువులు చూపించాలి.

దాచి పట్టుకెళ్లడానికి మన దేశంలో వేరే పర్మిట్ లేదు. 2016 నియమాల ప్రకారం బయటికి తీసుకెళ్లే తుపాకి ఒరలోనో, సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. అంటే బాహాటంగా చూపిస్తేనే తప్పు. మనవాళ్లెందరో స్థిరపడిన అమెరికాలో తీరు వేరు. న్యూయార్కులో ప్రత్యేక కారణం చూపాలన్న నిబంధనను 2022లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు అనుమతే అక్కరలేదు. అక్కడ అది పౌరుడి హక్కు, ఇక్కడ సర్కారు ఇచ్చే అనుమతి. ఆ తేడాకు మన వైపు మూలం వెతికితే, 1801 నాటి ఆ ప్రకటన దాకా పోవాలి.

ఏది మేలంటారా? ఇంట్లో తుపాకి ఉంటే ఒక్క క్షణపు కోపం ప్రాణం దాకా పోతుంది. ముఠా తగాదాలు చూసిన మన జిల్లాలకు ఇది వేరే చెప్పనవసరం లేదు. కాబట్టి కట్టడి ఉండడం న్యాయమే. కానీ ఆ కట్టడి అందరికీ ఒకే తీరున ఉండాలి. పలుకుబడి గలవాడికి ఇట్టే దొరికి, అడవి అంచున పొలమున్న రైతుకు ఏళ్లు పడితే, అది 1878 నాటి పోలికే అవుతుంది.

సరిహద్దు పల్లెల్లో అడవి పందుల బాధ పడే రైతులకు ఒక మాట. లైసెన్సు లేని నాటు తుపాకి ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. లైసెన్సు ఉన్నా అడవి జంతువును చంపడానికి అటవీశాఖ అనుమతి వేరే కావాలి. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి. కాదంటే, ప్రజాహితానికి భంగమని అధికారి భావించిన సందర్భంలో తప్ప, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఆ కాగితం చేతిలో ఉంటే గడువులోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

పాంచాలంకురిచ్చిలో 1974లో తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా కోట కట్టించింది. అటు వెళ్లినవారు అది చూసి రావచ్చు. ఆనాడు ఆయుధాలు అప్పగించమన్నప్పుడు, ఎందుకని అడగడానికి పాలెగాడికి ఒక కచేరీ లేదు, ఒక అప్పీలూ లేదు. ఈనాడు మనకు ఆ అవకాశం ఉంది. దాన్ని వాడుకోవడం మన చేతిలో పని.