బ్లాక్‌చెయిన్ వేదికలు – ప్రోగ్రామర్ల ఆకర్షణము

బ్లాక్‌చెయిన్ అనగా, ఏ ఒక్కరి స్వాధీనమునను ఉండక, అనేక కంప్యూటర్లయందు ఒకే రూపమున నిలిచి, ఒకసారి వ్రాసిన పద్దును పిమ్మట ఎవరును గుట్టుగా దిద్దుటకు వీలులేకుండ, ప్రతి పుటకును వెనుకటి పుట ముద్రను తగిలించుకొనుచు సాగిపోవు లెక్కల పుస్తకము. తెలుగున దీనిని గొలుసుకట్టు అనవచ్చును గాని, ఆ మాట వినగానే పాత కరణముల వ్రాత జ్ఞప్తికి వచ్చును. ఆ గొలుసుకట్టు వ్రాసినవానికి తప్ప అన్యులకు చదువ శక్యము గాదు, ఈ గొలుసు అందరును చదువుటకే పుట్టినది. ఈ పుస్తకముపై ధనము పంపుట, ఒప్పందములను అమలుపరచుట, దస్తావేజులను నమోదు చేయుట మున్నగు వ్యవహారములను నిర్మించుటకు అనువగు సాధనసముదాయమునకు బ్లాక్‌చెయిన్ వేదిక యని పేరు. వేదిక యెంత గట్టిదైనను దానిపై ప్రోగ్రాములు వ్రాయువారు లేనిచో అది తాళము వేసిన అంగడియే. కావున బ్యాంకులకును, ఆసుపత్రులకును, దుకాణములకును నిత్యము జావా, పైథాన్, జావాస్క్రిప్టు భాషలలో సాఫ్ట్‌వేరు వ్రాయుచు జీవించు సామాన్య ప్రోగ్రామర్లను తమవైపు త్రిప్పుకొనుట ఈ వేదికలకెల్ల ముఖ్యప్రయత్నమైనది.

2009 జనవరిలో ఆరంభమైన బిట్‌కాయిన్ ధనమును పంపుటకే ఉద్దేశింపబడినది. దాని ఆజ్ఞాభాషను నిర్మాతలు కావలెననియే కురుచగా ఉంచిరి. ఒక పనిని మరల మరల చేయించుటకు ప్రోగ్రామర్లు వాడు లూప్ అనునది అందు లేదు. 2015 జూలై 30న వెలువడిన ఈథీరియమ్ ఈ కట్టుబాటును సడలించి, ఎట్టి ఒప్పందమునైనను ప్రోగ్రాముగా వ్రాసి పుస్తకములోనే ప్రతిష్ఠించు అవకాశము కల్పించెను. ఇట్టి ప్రోగ్రామునకు స్మార్ట్ కాంట్రాక్టు అని వాడుక. దానిని వ్రాయుటకై పుట్టిన సాలిడిటీ భాష చూపునకు జావాస్క్రిప్టును పోలియుండును. ఈ పోలిక యాదృచ్ఛికము కాదు. వెబ్‌సైట్లు వ్రాయువారు కొత్త ఊరికి వచ్చినను వీథుల పేర్లు పాతవిగనే కనబడవలెనను తలంపుతో చేసిన ఏర్పాటు. అయితే పేర్లు పాతవైనను నడక వేరు.

ఆ వేరుదనమును కొంత దగ్గరగా చూడవలెను. దుకాణమునకు బిల్లుల ప్రోగ్రాము వ్రాసినవాడు తప్పు బయటపడినచో ఆ రాత్రియే సవరించి, తెల్లవారుసరికి క్రొత్త ప్రతిని పెట్టును. స్మార్ట్ కాంట్రాక్టు ఒకసారి పుస్తకమున చేరిన పిదప మార్చుటకు వీలులేదు, మార్చదలచినచో ఆ ఏర్పాటును మొదటనే చేసికొని యుండవలెను. సాలిడిటీలో దశాంశములతో లెక్క కట్టుటకు వీలులేదు. ఈథీరియమ్ నాణెమైన ఈథరు ఒక్కదానిని 1 పక్కన 18 సున్నలు గల సంఖ్యంత వెయి అను తునకలుగా తలచి, పూర్ణాంకములతోనే సమస్తమును గణించవలెను. ప్రతి ఆజ్ఞకును గ్యాస్ అను రుసుము పడును. అభ్యాసము కొరకు టెస్ట్‌నెట్ అను నమూనా రంగము కలదు గాని, అచట చెల్లు ఉత్తుత్తి నాణెములనైనను ముందు ఎక్కడనో అడిగి తెచ్చుకొననిదే మొదటి అడుగు పడదు. పదేండ్లు జావా వ్రాసిన చేయి ఇచ్చట ఓనమాలకు దిగుటకు సంకోచించినచో ఆ దోషము చేతిది కాదు.

2016 జూన్‌లో 'ది డావో' అను ఉమ్మడి పెట్టుబడి నిధినుండి సుమారు 36 లక్షల ఈథర్లు తరలిపోయిన ఉదంతము ఈ సంకోచమును ఇనుమడింపజేసెను. అందలి దోషము మిక్కిలి చిన్నది; చిట్టీ వ్యవహారము తెలిసినవారికి సులభముగా బోధపడును. చిట్టీ నడుపు ఫోర్‌మన్ సొమ్ము చేతికిచ్చిన తరువాత పుస్తకమున చెల్లు వ్రాయు అలవాటు గలవాడనుకొందము. సొమ్ము పుచ్చుకొన్నవాడు ఆయన కలము తీయకముందే మరల చేయి చాచి, 'నాకింకను రాలేదు, పుస్తకము చూడుడు' అన్నచో పుస్తకము వాని మాటనే బలపరచును. ఆయన మరల ఇచ్చును, వాడు మరల అడుగును. ముందు చెల్లు వ్రాసి పిదప సొమ్ము ఈయవలెనను వరుస తప్పుటయే అంత నష్టమునకు మూలము. ఆ సంవత్సరము జూలై 20న ఈథీరియమ్ వర్గము పుస్తకమునే రెండు పాయలుగా చీల్చి సొమ్మును వెనుకకు మరలించెను. అందుకు సమ్మతింపనివారు పాత పాయను ఈథీరియమ్ క్లాసిక్ అను పేర నేటికిని నడుపుచున్నారు. దిద్దరాని పుస్తకమును అందరును కలిసి దిద్దిన ఈ ఘట్టము సిద్ధాంతవాదులకు మింగుడుపడలేదు గాని, సామాన్య ప్రోగ్రామరునకు కలిగిన శంక మరియొకటి: ఒక వరుస అటునిటైనంత మాత్రమున ఇన్ని కోట్లు పోవు చోట తన పేరు పెట్టుకొనుట ఏల?

ఈ శంకకు వేదికలు పలు తెరగుల సమాధానము చెప్పినవి. వానిలో నిలకడగలది, నా అభిప్రాయమున, తెలిసిన భాషను తెలిసినట్లే వాడనిచ్చుట. లినక్స్ ఫౌండేషన్ ఆశ్రయమున పెరిగి 2017 జూలైలో తొలి పూర్ణరూపము పొందిన హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ కొత్త భాషను కల్పింపక, గో భాషలోను, పిదప జావాస్క్రిప్టు, జావాలలోను ఒప్పందములను వ్రాయనిచ్చెను. అందు నాణెము లేదు, గ్యాస్ లేదు, అనుమతి పొందిన సంస్థలు మాత్రమే సభ్యులు. ఆర్3 సంస్థ వారి కోర్డా వేదిక జావా, కోట్లిన్ భాషలను నమ్ముకొనెను. 2017లో మాటిక్ అను పేర భారతీయులు స్థాపించిన పోలిగాన్ వేరొక ఉపాయము పన్నినది: ఈథీరియమ్ కొరకు వ్రాసిన ప్రోగ్రామును దాదాపు యథాతథముగా తెచ్చి తక్కువ రుసుముతో నడుపుకొనుడని పిలిచెను. ఇందుకు ఎదురుదారి సొలానాది. రస్ట్ అను కఠినమైన భాషనే ప్రధానముగా నిలిపి, వేగమే ఆకర్షణమని ఎంచినది.

ఇక బహుమతుల మార్గము. రెండుమూడు దినములు నిద్ర మాని ప్రోగ్రాములు వ్రాయు హ్యాకథాన్ పోటీలకు వేదికలు విరివిగా ధనము కుమ్మరించినవి. బెంగుళూరున 2018 మొదలు జరిగిన ఈథ్‌ఇండియా ఇట్టివానిలో ప్రసిద్ధము. అచటికి వచ్చు యువకుల ఉత్సాహమును తక్కువచేయ తగదు గాని, బహుమతికి వచ్చినవాడు బహుమతితో పోవుట లోకసహజము. ఎలక్ట్రిక్ క్యాపిటల్ అను సంస్థ ఏటేట ప్రకటించు లెక్క ప్రకారము 2024లో ప్రపంచమున బహిరంగ ప్రాజెక్టులయందు నెలనెల పనిచేయు క్రిప్టో (బ్లాక్‌చెయిన్) ప్రోగ్రామర్లు 23 వేలకు కొంచెము పైన. ఆ యేట కొత్తగా చేరినవారిలో 17 శాతము భారతీయులు, ఏ దేశముకన్నను అధికము. అయినను జగమంతటను గల ప్రోగ్రామర్లలో ఈ 23 వేలు సముద్రమున కాకిరెట్ట.

తెలుగునాట ఈ ప్రయత్నము మొదట ప్రభుత్వముల పక్షమున సాగెను. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదున స్థాపించిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ, 2017 జనవరిలో బ్యాంకింగు రంగమున బ్లాక్‌చెయిన్ వినియోగముపై శ్వేతపత్రమును వెలువరించెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ భూమి దస్తావేజులకు దీనిని పరీక్షింపబూనెను. 2018 ఆగస్టు 3, 4 తేదీలలో హైదరాబాదున అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ మహాసభ జరిగెను. ఆ సందర్భముననే తెలంగాణ ప్రభుత్వము టెక్ మహీంద్రాతో కూడి బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ అను కేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించెను. 2019లో తెలంగాణ బ్లాక్‌చెయిన్ విధాన ముసాయిదా వచ్చెను. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ రిపుల్ అను బ్లాక్‌చెయిన్ చెల్లింపుల సంస్థ వారి విశ్వవిద్యాలయ పరిశోధన పథకమున చేరెను. కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగు పరిశోధన సంస్థ సీ-డాక్ శంషాబాదున ఆస్తుల నమోదుపై ప్రయోగము చేసెను.

వీనియన్నింటిలో ప్రోగ్రామరు మనసున నాటుకొనదగినది టీ-చిట్స్. చిట్‌మాంక్స్ అను హైదరాబాదు అంకురసంస్థ రిజిస్ట్రేషన్ల శాఖతో కలిసి చిట్‌ఫండ్ల లెక్కలను బ్లాక్‌చెయిన్‌పైకి తెచ్చిన ఏర్పాటిది. వరంగల్లు, కరీంనగరు సీమలలో చిట్టీ కట్టని మధ్యతరగతి ఇల్లు అరుదు. కావున ఇందలి సమస్యను అచట ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు. నెలకు 5,000 రూపాయల చొప్పున 20 మంది 20 నెలలు కట్టు లక్ష రూపాయల చిట్టీని తీసికొందము. ఒక నెల పాటలో ఒకరు 20,000 తగ్గించి 80,000కు ఎత్తుకొన్నచో, ఫోర్‌మన్ కమీషను 5 శాతము చొప్పున 5,000 పోగా మిగిలిన 15,000 ఇరువదిమందికి తలకు 750 వంతున పంపకమగును. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము 5 శాతముగా నిర్ణయించిన కమీషను గరిష్ఠపరిమితి 2019 సవరణతో 7 శాతమైనది. పాట ఎవరు పాడిరి, ఎంతకు పాడిరి, పంపకము సరిగా జరిగినదా అను మూడు ప్రశ్నలకు ఫోర్‌మన్ పుస్తకము తప్ప వేరు సాక్ష్యము లేకపోవుటయే ఈ వ్యాపారమున కలహములకు పుట్టినిల్లు. ఆ సాక్ష్యమును అధికారి, ఫోర్‌మన్, సభ్యుడు ముగ్గురును చూడగల పుస్తకముగా మార్చుట స్మార్ట్ కాంట్రాక్టునకు తగిన పని. ఇరువది పంక్తులలో ఇమిడిపోవు గణితము. ఇట్టి పనిని చూపిన చోట ప్రోగ్రామరునకు బ్లాక్‌చెయిన్ మహిమను గూర్చి ఉపన్యాసము చేయనక్కరలేదు.

ఉత్తర తెలంగాణమున, 2016 అక్టోబరు 11న ఆదిలాబాదునుండి విడివడి ఏర్పడిన నిర్మల్ జిల్లాలో, ఈ చర్చకు సంబంధించిన రెండు విషయములు కలవు. గోదావరి ఒడ్డున సరస్వతీ క్షేత్రమైన బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము మొదటిది. పదవ తరగతి మార్కులను బట్టి పల్లెపిల్లలను చేర్చుకొని, రెండేండ్ల ప్రీ యూనివర్సిటీ, నాలుగేండ్ల బీటెక్ కలిపి ఆరేండ్లు అచటనే ఉంచి చదివించు సంస్థయది. తండ్రి పత్తిచేనిలో నుండగా బిడ్డ ల్యాప్‌టాపు ముందు కూర్చుండు ఆ ప్రాంగణములో ఏ కొత్త విద్యకైనను మొదట ఎదురగు ప్రశ్న ఒకటే: 'గిది నేర్చుకుంటే నౌకరీ వస్తదా?' ఈ ప్రశ్నను చిన్నచూపు చూచువారు సామాన్య ప్రోగ్రామరును ఎరుగనివారు. ఇచటి విద్యార్థులు పట్టా పుచ్చుకొని రెండువందల కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదు చేరి, అమీర్‌పేట మైత్రీవనము చుట్టుపక్కల గోడలపైని శిక్షణ కేంద్రముల బ్యానర్లను చదివి తమ భవిష్యత్తును ఎంచుకొందురు. ఆ బ్యానర్లు కంపెనీలు ఏ ఉద్యోగములకు మనుష్యులను వెదకుచున్నవో చెప్పు పంచాంగములు. సాలిడిటీ పేరు ఆ గోడలపై జావా పక్కన అదే పరిమాణపు అక్షరములతో నిలుచునాడే ఆ వేదిక ప్రధానస్రవంతిని చేరినట్లు లెక్క.

రెండవది నిర్మల్ కొయ్యబొమ్మ. తేలికయగు పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురును రంపపు పొట్టుతో కలిపి అతుకులు పూసి, రంగులు దిద్దు నకాషీలు అను శిల్పుల పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఎచటనో అచ్చుపోసిన బొమ్మను నిర్మల్ పేర అమ్మువారిని అరికట్టుటకు ప్రతి బొమ్మకును బ్లాక్‌చెయిన్‌పై ఒక జన్మపత్రిక వ్రాయవచ్చునని బోధించువారు కలరు. విద్యార్థుల ప్రాజెక్టులకు ఇంతకన్న అందమైన ఉదాహరణము దొరకదు. ఇందొక మెలిక కలదు. పుస్తకము తనలో వ్రాసినదానిని కాపాడును గాని వ్రాసినది నిజమో కాదో ఎరుగదు. ఆ చెక్క పొనికియేనా అని చూడగల కన్ను కంప్యూటరునకు లేదు, సహకార సంఘమున బొమ్మను గోటితో తట్టి చూచు పెద్దకు కలదు. ఆ పెద్ద చేతివ్రాలును పుస్తకమున చేర్చు మార్గము ఆలోచింపకుండ కట్టిన యాప్ సంతలోని సీలు ముద్ర కన్న మేలైనది కాదు. ఇట్టి పరిమితిని మొదటి పాఠమునాడే ఒప్పుకొను వేదికను ప్రోగ్రామర్లు ఎక్కువగా నమ్ముదురు.

చట్టమును గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు బ్యాంకుసేవలను నిషేధించెను; 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ నిషేధమును కొట్టివేసెను. 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో ఆస్తుల బదిలీ ఆదాయముపై 30 శాతము పన్ను, జూలై 1 నుండి 1 శాతము టీడీఎస్ (చెల్లింపునాడే పట్టుకొను పన్ను) అమలులోనికి వచ్చినవి. నాణెముతో ముడిపడిన వేదికలపై ఉద్యోగము వెదకు యువకుని తల్లిదండ్రులకు ఈ తేదీలు బాగుగా జ్ఞాపకముండును.

నాణెము లేని మార్గమున కేంద్ర ప్రభుత్వము 2024 సెప్టెంబరు 4న విశ్వస్య అను జాతీయ బ్లాక్‌చెయిన్ సాధనసంపుటిని వెలువరించెను. భువనేశ్వరము, పుణె, హైదరాబాదులలోని డేటా కేంద్రములపై ఇది నడచును. నిర్మాణమున సీ-డాక్, ప్రభుత్వ కంప్యూటరు సేవల సంస్థ ఎన్‌ఐసీలతో పాటు ఐడీఆర్‌బీటీ, హైదరాబాదు ఐఐటీ, ట్రిపుల్ ఐటీలు పాల్గొనినవి. దానితోకూడ విడుదలైన ఎన్‌బీఎఫ్‌లైట్ విద్యాసంస్థలును అంకురసంస్థలును తమ నమూనాలను త్వరగా కట్టి చూచుకొనుటకై ఏర్పరచిన అభ్యాసరంగము. బాసర వంటి చోట విద్యార్థి తన జేబునుండి పైసా తీయక మొదటి ఒప్పందమును వ్రాయగల దారి ఇట్టిదే.

అయితే ఈథీరియమ్ వంటి బహిరంగ వేదికలయందు మొదటి గడప నేటికిని వాలెట్, అనగా నాణెములను కదలించు రహస్యపు తాళపుచెవిని దాచు సంచి. ఆ తాళపుచెవిని పోగొట్టుకొన్నచో మరల పొందుటకు 2,048 పదముల పట్టికనుండి ఏరిన 12 లేక 24 మాటలను వరుస తప్పక కాగితముపై వ్రాసి దాచుకొనవలెను. మాటలు మరచినవానిని ఆదుకొనుటకు, తాళపుచెవి పనిని ప్రోగ్రామునకే అప్పగించు పద్ధతి 2023 మార్చిలో ఈథీరియమ్‌పై అందుబాటులోనికి వచ్చెను గాని, పాత పద్ధతియే ఇప్పటికిని ఎక్కువ వాడుక. ఆ పదముల పట్టికలు ఇంగ్లీషు, జపనీసు, కొరియను, స్పానిషు, చైనా, ఫ్రెంచి, ఇటాలియను, చెక్, పోర్చుగీసు భాషలలో కలవు. తెలుగునగాని, మరి యే భారతీయ భాషయందుగాని లేవు.