విమాన దత్తాంశ విశ్లేషణము

ఎగురుచున్న విమానము యొక్క ఎత్తు, వేగము, దిశ, ఇంజన్ల శక్తి మున్నగువానిని క్షణక్షణమును నమోదు చేసి, ఆ నమోదు నుండి ప్రమాదముల కారణములను, ప్రమాదమునకు దారితీయగల పోకడలను గుర్తించు విధానమునకు విమాన దత్తాంశ విశ్లేషణమని పేరు.

చరిత్ర: తొలినాటి పరికరములు లోహపు రేకుపై కాలము, ఎత్తు, వేగము, దిశ, నిలువు త్వరణము అను ఐదింటిని మాత్రమే గీతలుగా గీచెడివి. 1950ల నాటి కామెట్ విమాన ప్రమాదముల పరిశోధనలో పాల్గొన్న ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్, పైలట్ల సంభాషణను సైతము భద్రపరచు యంత్రమును రూపొందించెను. బ్లాక్ బాక్స్ అని వ్యవహరింపబడు ఈ పరికరమునకు, శిథిలములలో సులువుగా కనబడుటకై, నారింజ రంగు పూయుదురు.

భారతదేశమున: 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో దిగబోవుచు కూలిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ-320 విమానములోని 146 మందిలో 92 మంది మరణించిరి, ఇంజన్లు కనిష్ఠ శక్తితో నడచుచుండగా వేగము క్రమముగా సన్నగిల్లినదని దాని దత్తాంశము వెల్లడించెను. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుండి బయలుదేరిన బెల్-430 హెలికాప్టరు నల్లమల అడవిలో కూలి, అందలి ఐదుగురును మరణించిరి. ట్రాన్స్‌మిషన్ వ్యవస్థ నూనె పీడనమును గూర్చిన హెచ్చరికకు పరిష్కారము వెదకుటలోనే పైలట్లు ఇంచుమించు ఆరు నిమిషములు నిమగ్నులై యుండిరని కాక్‌పిట్ ధ్వనిముద్రణము తెలిపెను.

నేటి పద్ధతి: కూలిన విమానమునకే పరిమితమైన ఈ పరీక్ష, కాలక్రమమున క్షేమముగా దిగినవానికిని విస్తరించెను. 27,000 కిలోగ్రాములకు మించిన వాణిజ్య విమానములకు 2005 జనవరి 1 నుండి అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ దీనిని విధించెను. శంషాబాదు విమానాశ్రయమున దిగు విమానము రన్‌వేను సమీపించునపుడు వేగము గాని, దిగుడు వడి గాని హద్దు మీరినచో, ప్రయాణికు లెరుగకున్నను దత్తాంశ మెరుగును. అట్టి అతిక్రమణములు పలుమారు కనబడినపుడు శిక్షణము సవరింపబడును.

పరిమితి: దత్తాంశము జరిగినదానిని చెప్పునే గాని, పైలటు అట్లేల చేసెనో చెప్పజాలదు. అందుచేతనే అతని వివరణమును దండన భయము లేకుండ రాబట్టుట ఈ విధానమున ముఖ్యాంగముగ పరిగణింపబడుచున్నది.