పూటకూటి యింటినుండి తార్నాక దాక



ఊరు విడిచి పట్నము పోయినవానికి మొదట కలుగు చింత భోజనమును గూర్చినది. అచట బంధువులున్నచో బాధ లేదు. లేనిచో ఎవరి చేతి అన్నము తినవలెను, ఎవరి ప్రక్కను కూర్చుండవలెను, ఎంత సొమ్ము ఇయ్యవలెను అను మూడు ప్రశ్నలు పుట్టును. రాజుల యుద్ధములను గూర్చి వ్రాసిన చరిత్రకారులు మనకు పెక్కుమంది గలరు గాని, ఇట్టి ప్రశ్నలకు మన పూర్వులు ఏమి సమాధానము చెప్పుకొనిరో వెదకినవారు కొలదిమందియే. వారిలో అగ్రగణ్యులు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర మన తిండిని, బట్టను, ఆటలను, పండుగలను గూర్చి చెప్పినది. ఆ త్రోవనే నడచి, సొమ్మిచ్చి పరుల యింట భుజించు ఆచారము మనలో ఎట్లు పెరిగినదో, అది మనకేమి నేర్పినదో నేడు మనవి చేసెదను. నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పినవాడను. పట్నపు రుచులు నాకు కొంచెమే తెలియును. అయినను ఈ విషయమున నేను చెప్పుకొనవలసిన తప్పొకటి కలదు. అదియు తుదకు చెప్పెదను.

ఈనాడు హైదరాబాదు నగరమున పేరుమోసిన వంటవారి భోజనశాలలు పెక్కు గలవు. ముందుగా చోటు నిర్ణయించుకొని, ఒక్కని చేతి రుచికై నగరమున ఈ కొననుండి ఆ కొనకు పోవువారు గలరు. 2019లో యునెస్కో సంస్థ హైదరాబాదును భోజనకళకు ప్రసిద్ధములైన సృజనాత్మక నగరముల వరుసలో చేర్చినది. ఈ మాట విని మన పల్లెలలో కొందరు "వారి యిండ్ల పొయ్యి లేదా?" అని నవ్వుదురు. ఇది నిన్నమొన్న పుట్టిన వింతయని వారి తలంపు. కాని ఇది మనకు ఇంచుమించు ఆరువందల యేండ్లనుండి తెలిసిన ముచ్చటయే.

వినుకొండ వల్లభరాయుడు 15వ శతాబ్దియందు రచించిన క్రీడాభిరామమను వీథినాటకము కలదు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దానిని అచ్చువేయించి లోకమునకు తెచ్చిరి. అందు గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను కోమటియు ఓరుగల్లు పట్టణమున తిరుగుచు, కనబడిన వింతలనెల్ల ముచ్చటించుకొందురు. వాటిలో లక్ష్మణవజ్ఝల యింటి పూటకూడు ఒకటి. ఆ యింట ఒక రూక చెల్లించినవానికి మేలిరకపు బియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన వంటకము, పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు పదార్థములు, గడ్డపెరుగు వడ్డింపబడునట. రూక యనగా చిన్న నాణెము. ఇందు మనము గమనింపవలసినది రుచి మాత్రమే కాదు. ధర ముందే తెలియును. విస్తరిలో పడునదేమో ముందే తెలియును. ఆ గృహస్థుని పేరు ఊరంతటికి తెలియును. నేటి భోజనశాలకు ఇంతకన్న వేఱు లక్షణమేమున్నది?

ఇతర దేశముల చరిత్రతో పోల్చినను ఇది తక్కువది కాదు. చీనాదేశమున కైఫెంగ్ నగరమందు 12వ శతాబ్దినాటికే పేరుగల భోజనశాలలు ఉండెను. ఐరోపాఖండమున మాత్రము ఆలస్యమైనది. రెస్టారెంటు అను ఫ్రెంచిమాటకు మొదటి అర్థము నీరసించినవానికి బలము నిచ్చు మాంసరసము. పారిసు నగరమున బొవిలియే యను వంటవాడు 1780వ దశకమున గొప్ప భోజనశాలను తెఱచెను. 1789లో అచట విప్లవము చెలరేగగా జమీందారుల కొలువు తప్పిన వంటవారు పెక్కుమంది వీథులలో భోజనశాలలు పెట్టుకొనిరి. అంతకుముందు ప్రభువుల పళ్ళెరములలోనే పడిన వంట అప్పటినుండి చేతిలో డబ్బున్న ప్రతివానికిని దొరకెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. దీని అవసరము ముందు రాగలదు.

మన దేశమున ఈ వృత్తికి గౌరవము కలుగలేదు. అన్నవిక్రయము పాపమని మన ధర్మశాస్త్రములు నిందించినవి. అన్నమును పెట్టవలెనే గాని అమ్మరాదని మా గురువులు నాకును చెప్పిరి. "పూటకూళ్ళమ్మ పుణ్యమెఱుగునా" అను సామెత ఈ నిందనుండియే పుట్టినది. కాని ఆ పూటకూళ్ళమ్మ ఎవరు? గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చుపడినది. అందలి పూటకూళ్ళమ్మను చూడుడు. ఆమె వితంతువు. పుట్టినింటను మెట్టినింటను ఆధారము లేని స్త్రీకి ఆ కాలమున తెలిసిన విద్య వంట యొక్కటియే. దానితో ఆమె తన పొట్ట పోసికొనుచు పదిమంది పొట్ట నింపెను. దీనిని పాపమనుటకు నాకిప్పుడు నోరాడదు.

అమ్మకము నింద్యమైనచో బాటసారులకు గతి యేమి? దానమే గతి. గోదావరి సీమలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళ వచ్చిన అతిథికిని అన్నము పెట్టి చిరకీర్తి గడించిరి. కాని ఊరూర సీతమ్మలు ఉండరు. ధర్మసత్రములు ఉండెను గాని, వాటిలో పెక్కు బ్రాహ్మణులకే అన్నము పెట్టుచుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశికి పోయినప్పుడు, పెద్ద పరివారమును వెంటబెట్టుకొని పోయిరి. ఏ మజిలీయందు దిగుటకు వసతి కలదో, ఏ ఊర ఏ సరకులు దొరకునో వారు తమ యాత్రాచరిత్రలో వ్రాసికొనుచు పోయిరి. ధనవంతుడు వంటవానిని వెంటబెట్టుకొనెను, బ్రాహ్మణుడు సత్రమునకు పోయెను. తక్కినవారు చెట్టుక్రింద మూడు రాళ్ళు పెట్టి వండుకొనిరి. దానము గొప్పదే. కాని దాత పాత్రుని ఎంచును. పాత్రుడెవడని అడుగునప్పుడు కులము ముందు వచ్చును.

పొగబండి వచ్చి ఈ ఏర్పాటును కదలించెను. వాడీనుండి సికింద్రాబాదునకు ఇనుపదారి 1874లో పడినది. బండి ఎవరి మడికొఱకును ఆగదు. అయినను స్టేషనులలో హిందువులకు వేఱు నీరు, మహమ్మదీయులకు వేఱు నీరు పెట్టిరి. పట్టణములలో వెలసిన కాఫీహోటళ్ళలోను కొన్నిటియందు బ్రాహ్మణులకు వేఱు గది యుండెను. సొమ్ము అందరిదియు ఒకే పెట్టెలో పడినను, విస్తళ్ళు మాత్రము వేఱువేఱు గోడలనడుమ పడెను.

హైదరాబాదునందు ఈ గోడలను సందడి లేకుండ తగ్గించినవారు ఇరానీలు. పారసీక దేశమునుండి బొంబాయి మీదుగా వచ్చిన ఈ వర్తకులు నాలుగు వీథుల కూడలులలో చాయిదుకాణములు తెఱచిరి. గుండ్రని బల్ల, దానిచుట్టు నాలుగు కుర్చీలు, పాలు చిక్కగా కాచిన చాయి, ఉస్మానియా బిస్కత్తు. ఒక కుర్చీలో గుమాస్తా, రెండవదానిలో రిక్షావాడు, మూడవదానిలో కవి కూర్చుండెడివారు. మన కులముల చిట్టా ఆ ఇరానీకి తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు అతనికి లేదు. చాయి వెల ఇచ్చినవాడు కుర్చీకి యజమానుడు.

ఇక విశ్వవిద్యాలయమును గూర్చి చెప్పెదను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. మొదట నగరమధ్యమున ఇతర భవనములలో నడచినది. 1939లో నేటి ఆర్ట్సు కళాశాలాభవనము ప్రారంభింపబడెను. పల్లెలనుండి చదువుకొనవచ్చిన పిల్లలకు అన్నమే మొదటి సమస్య. పూర్వము పేదవిద్యార్థులు వారములు చెప్పుకొని, దినమునకొక యింట తినెడివారు. అదియు కులమున్నవారికే దొరకెడిది. ఆ 1918లోనే నగరమున రెడ్డి హాస్టలు పుట్టెను. పిమ్మట విశ్వవిద్యాలయపు వసతిగృహములు పెరిగెను. వాటి భోజనశాలలలో పొడవైన బల్లలు వేసిరి. బల్లకు అగ్రము లేదు, తుద లేదు. ఎవడు ముందు వచ్చిన వాడు ముందు కూర్చుండును.

ఆ యావరణమునకు తూర్పున తార్నాక కలదు. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలాచోటు. తీగకంచె వేసి కాపలా పెట్టిన చోటు గనుక ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. అచ్చటికి నేను మొదటిసారి 1982లో వచ్చితిని. నా తప్పు అక్కడనే జరిగినది.

విశ్వవిద్యాలయమున ఒక పరీక్ష వ్రాయుటకు నేనును, నా సహాధ్యాయి యొకడును మా యూరినుండి కలిసి వచ్చితిమి. నేను అగ్రహారపు పిల్లవాడను. అతడు దళితవాడలో పుట్టినవాడు. మాయూరి టీకొట్టులో అతనికి గ్లాసు వేఱు. అది చూరునకు వ్రేలాడుచుండెడిది. త్రాగినపిమ్మట అతడే కడిగి మరల అచ్చటనే తగిలింపవలెను. పరీక్ష ముగిసి మధ్యాహ్నపు టెండలో తార్నాక దాక నడచితిమి. ఒక హోటలు కనబడినది. అతడు లోనికి పోయి కూర్చుండెను. నేను మూటలోని అటుకులను పెరుగుతో కలుపుకొని, వీథికి ఆవల చెట్టునీడను కూర్చుంటిని. కిటికీలోనుండి అతడు కనబడుచుండెను. అందరికి పెట్టిన గ్లాసులలోనిదే యొకటి అతని ముందు పెట్టిరి. అతడు కొంతసేపు దానిని త్రాగక చూచుచుండెను. బయటకు వచ్చినపిమ్మట నాతో ఇట్లనెను: "పంతులూ, లోపల నన్నెవ్వరును ఏమియు అడుగలేదు. నీవొక్కడవే నాతో కూర్చుండలేదు."

నేను బదులు చెప్పలేదు. బాహ్యాన్నము తినరాదని గురువుల ఆజ్ఞ యని మనసులో సర్దుకొంటిని. కాని అది పూర్తిగా నిజము కాదు. అతడు లేకుండిననాడు ఒకటిరెండుమాఱులు పట్నపు హోటలులో కాఫీ త్రాగినవాడనే.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముతో అంటరానితనమును నిషేధించినదని మీరెఱుగుదురు. 15వ అధికరణములో మఱియొక మాట కలదు. దుకాణములలోనికి, ప్రజల భోజనశాలలలోనికి, హోటళ్ళలోనికి ప్రవేశించుటకు కులమును బట్టి మతమును బట్టి ఎవరికిని అడ్డు చెప్పరాదని అందు వ్రాయబడినది. ఒక మహాదేశపు మూలశాసనమున భోజనశాల పేరెత్తవలసివచ్చినదన్నచో, అది ఎంత పెద్ద పుండో ఆలోచింపుడు. 1955లో దీనికై ప్రత్యేకచట్టమును వచ్చినది. మాయూరి చూరుగ్లాసు 1982లోను వ్రేలాడుచునే యుండెను.

ఆ తార్నాక చెంతనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో నీలగిరులలోని కూనూరున బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు మొదలైన చిన్న శాఖ పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. మరపట్టి మెరుగుపెట్టిన బియ్యమునందు తవుడుతో కూడ బలమును పోవుననియు, ఆ లోపమువలన బెరిబెరి వచ్చుననియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. వారు అన్నమును తూచిరి, కొలిచిరి, అందు ఏ సత్త్వమెంత గలదో పట్టికలు వ్రాసిరి. వండినవాని కులమునకు ఆ పట్టికలో గడి లేదు. చేతుల శుభ్రతకు మాత్రము విలువ కలదు. మా గురువులు చెప్పిన శుచియందలి సారము ఇదియే యని నేనిప్పుడు నమ్ముచున్నాను.

నా మనుమరాలు ఇప్పుడు ఉస్మానియాలో చదువుచున్నది. గత సంవత్సరము ఆమెను చూడబోయి, నా పాతమిత్రునకును కబురంపితిని. అతడును ఉపాధ్యాయుడై విరమించినవాడు. ముగ్గురమును తార్నాకలో ఒక భోజనశాలకు పోయితిమి. అది పేరుమోసినది కాదు. అన్నము, పప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. ఒకే బల్లవద్ద తింటిమి. డబ్బు నేనిచ్చెదనంటే అతడు ఒప్పుకొనక తన వంతు తానిచ్చెను. నలువది యేండ్లు పట్టిన పని అరగంటలో ముగిసినది. నాకు సంతోషము కంటె సిగ్గు ఎక్కువయ్యెను.

పెద్దలారా, అన్నమును అమ్ముట పాపమని నేర్చుకొన్న నేను, ఆ అమ్మకము చేసిన పుణ్యమును ఇంతకాలమునకు తెలిసికొంటిని. పారిసు వీథులలో ప్రభువుల వంటను సామాన్యుని ముందు పెట్టినదేదో, తార్నాకలో నా మిత్రుని ముందు అందరి గ్లాసును పెట్టినదియు అదియే. వెల ఇచ్చి తినువాడు ఎవరి దయను కోరడు. అయితే భోజనశాల సగము పనియే చేయగలదు. వెల ఇచ్చి ఒక బల్లవద్ద తినుట సులభము. పిలిచిన యింటికి పోయి తినుట కష్టము. నా మిత్రుడు తన గృహప్రవేశమునకును, కుమారుని పెండ్లికిని నన్ను పిలిచినాడు. రెండుమాఱులును పోయి, పండు తిని వచ్చితిని. అతడు ఏమియు అనలేదు.

రాబోవు మాఘమాసమున అతని మనుమరాలి పెండ్లి. పంక్తిలో నాకును ఒక విస్తరి వేయుమని జాబు వ్రాసితిని. రమ్మని బదులు వచ్చినది. మీ ఊళ్ళలోను ఇట్టి పిలుపులు మీకు వచ్చియుండును. నావలె నలువది యేండ్లు ఆగవలదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.