సమరేఖల నునుపు: అంతర్వేశన పద్ధతుల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే విలువ గల బిందువులను కలుపుతూ గీసే రేఖను సమరేఖ అంటారు. అది ఎత్తును చూపితే సమోన్నత రేఖ, ఉష్ణోగ్రతను చూపితే సమోష్ణ రేఖ అవుతుంది. కొలతలు కొన్ని చోట్ల మాత్రమే లభిస్తాయి. రేఖ మాత్రం ఆ చోట్ల నడుమ కూడా సాగాలి. తెలిసిన విలువల ఆధారంగా నడిమి విలువలను అంచనా వేయడమే అంతర్వేశనం. రేఖకు నునుపు తేవడానికి, అది నిజాన్ని చూపడానికి మధ్య ఉన్న భేదం ఈ పద్ధతుల చరిత్రలో ఎలా వ్యక్తమైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చేతిగీతల కాలం

ఎడ్మండ్ హేలీ 1698-1700 మధ్య పారమోర్ నౌకపై అట్లాంటిక్ సముద్రంలో పర్యటించి, దిక్సూచి సూది నిజమైన ఉత్తర దిశ నుండి ఎంత పక్కకు తొలగుతుందో కొలిచాడు. 1701లో వెలువడిన ఆయన పటంలో సమాన విలువలను కలిపే వక్రరేఖలు కనిపిస్తాయి. ఆయన స్వయంగా తీసుకున్న కొలతలు నౌక సాగిన దారివి. వక్రాలు ఆ దారిని దాటి విస్తరించాయి. అయితే 1702 నాటి ప్రపంచ పటంలో, సమాచారం లేని పసిఫిక్ సముద్రాన్ని ఆయన రేఖలు లేకుండా విడిచిపెట్టాడు. అంచనాకు హద్దు ఉండాలన్న వివేకం ఇందులో ఉంది.

1774లో స్కాట్లండ్‌లోని షిహాలియన్ కొండ వద్ద నెవిల్ మాస్కెలిన్ భూసాంద్రతను తెలుసుకునే ప్రయోగం నిర్వహించాడు. దాని గణన బాధ్యత చార్ల్స్ హటన్‌ది. అంకెలతో నిండిన పటంపై సమానమైన ఎత్తులను రేఖలతో కలిపిన తర్వాతే కొండ ఆకారం ఆయనకు స్పష్టపడింది. ఇక్కడ సమరేఖ అలంకారం కాదు, గణనసాధనం.

యంత్రగణన కాలం

కంప్యూటర్ల రాకతో ఈ పని రెండు అంచెలుగా స్థిరపడింది. మొదటిది, చెదురుమదురు కొలతల నుండి సమదూర బిందువుల గ్రిడ్‌ను రూపొందించడం. 1968లో డొనాల్డ్ షెపర్డ్ దగ్గరి కొలతకు ఎక్కువ, దూరపు కొలతకు తక్కువ ప్రాధాన్యమిచ్చే పద్ధతిని ప్రతిపాదించాడు. దక్షిణాఫ్రికా బంగారు గనులపై డానీ క్రీగ్ 1951లో చేసిన కృషిని ఆధారం చేసుకుని, జార్జ్ మాతెరాన్ 1963 నాటికి క్రీగింగ్ సిద్ధాంతాన్ని రూపొందించాడు. అంచనాతో పాటు, అందులో ఎంత దోషం ఉండవచ్చో కూడా చెప్పడం దాని విశిష్టత.

రెండవ అంచె, ఉన్న గ్రిడ్‌ను మరింత సన్నని గ్రిడ్‌గా మార్చడం. ముతక గ్రిడ్‌పై గీసిన సమరేఖలు కోణాలు తేలి గరుకుగా కనిపిస్తాయి. సరళ అంతర్వేశనంతో గడులను చిన్నవి చేసినా, పాత గడుల అంచుల వద్ద విరుపులు మిగులుతాయి. ఘన బహుపదులను వాడితే ఆ విరుపులు పోతాయి.

నునుపుకు చెల్లించే మూల్యం

సమదూరంలో ఉన్న నాలుగు బిందువుల వద్ద వర్షపాతం వరుసగా 0, 0, 0, 10 మి.మీ. అనుకుందాం. ఈ నాలుగింటి గుండా పోయే ఘన బహుపది, రెండు, మూడు బిందువుల సరిగ్గా మధ్యన −0.625 మి.మీ. అని చెబుతుంది. సున్నా కంటే తక్కువ వర్షం ఉండదు. అయినా దాని ఆధారంగా గీసిన రేఖ ఎంతో నునుపుగా ఉంటుంది! ఇదే విధంగా పటంలో లేని గుంతలు, లేని శిఖరాలు పుట్టుకొస్తాయి.

1974లో ఇయాన్ బ్రిగ్స్ ప్రతిపాదించిన కనిష్ఠ వక్రత పద్ధతిలోనూ ఈ చిక్కు ఎదురైంది. 1990లో వాల్టర్ స్మిత్, పాల్ వెసెల్ ఆ ఉపరితలానికి తన్యతను జోడించారు. వంచిన పలుచని రేకును అంచుల నుండి లాగి బిగించినట్లుగా, అది లేనిపోని ఎత్తుపల్లాలను అణచివేస్తుంది. నునుపును కొంత వదులుకుని విశ్వసనీయతను పెంచుకోవడమే ఇందులోని సూత్రం.

ముగింపు

గ్రిడ్‌ను ఎంత సన్నగా చేసినా కొత్త కొలత ఒక్కటి కూడా చేరదు. పెరిగేది గడుల సంఖ్యే గాని సమాచారం కాదు. వరద ముంపు హద్దును, భూగర్భజలాల లోతును ఇలాంటి పటాల ఆధారంగా నిర్ణయించేటప్పుడు ఈ భేదం ప్రజల ఇళ్లకు, పొలాలకు సంబంధించినదవుతుంది. కాబట్టి నునుపు చేసిన పటంపై అసలు కొలతల స్థానాలను కూడా గుర్తించడం అవసరం. హేలీ విడిచిన ఖాళీ సముద్రం నేటి పటకర్తలకూ పాఠమే.