భాగ్యరెడ్డి వర్మని ఏ అక్షరం కింద వెతకాలి?

సిద్ధాంత వ్యాసం ఎంత బాగా రాసినా చాలామంది పరీక్షకులు ముందు తిప్పేది చివరి పేజీలే. ఎవర్ని చదివారు, ఎవర్ని వదిలేశారు అన్నది ఉపయుక్త గ్రంథసూచిలో బయటపడిపోతుంది. మనవాళ్లు మాత్రం దాన్ని ఆఖరి రోజుల్లో, డి.టి.పి. సెంటర్లో కూచుని, ఎవరిదో పాత థీసిస్ ముందు పెట్టుకుని పూర్తి చేస్తారు. దళిత చరిత్ర మీద పనిచేసేవాళ్లకి ఇలా కుదరదు. ఆ పద్ధతి మన కాగితాల్ని చూసి తయారైంది కాదు.

చికాగో విశ్వవిద్యాలయ ప్రెస్ తన శైలి నియమావళిని మొదటిసారి అచ్చేసింది 1906లో. హైదరాబాదులో మాదరి భాగయ్య జగన్ మిత్ర మండలి పెట్టిందీ ఆ యేడే. ఒకరి ఊసు ఒకరికి తెలీదు. ఇప్పుడు ఈయన్ని ఆ నియమావళి గళ్లలో సర్దాల్సిన పని మన మీద పడింది.

ముందు పేరు సంగతి. చివరి పేరును ముందుకు తెచ్చి కామా పెట్టాలన్నది నియమం. ఇంగ్లీషువాళ్లకి చివరన ఉండేది ఇంటిపేరు. మనకది మొదట్లోనే ఉంటుంది. కాబట్టి కుసుమ ధర్మన్నని తారుమారు చేయనక్కర్లేదు, 'కు' కింద అలాగే రాయొచ్చు. చిక్కంతా భాగయ్యగారితోనే. ఆయన ఇంటిపేరు మాదరి. 'రెడ్డి' వాళ్లింటి గురువు చేర్చిన మాట. 'వర్మ' 1913లో ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. "వర్మ, భాగ్యరెడ్డి" అని రాశామంటే బిరుదు కాస్తా ఇంటిపేరై కూచుంటుంది. సంగతి తెలియని విద్యార్థి ఆయన్ని రెడ్లలోనో క్షత్రియుల్లోనో కలిపేసినా ఆశ్చర్యం లేదు. 'భ' కింద భాగ్యరెడ్డి వర్మ అని రాసి, పక్కన అసలు పేరు ఇచ్చి, 'మ' కింద "మాదరి భాగయ్య: చూ. భాగ్యరెడ్డి వర్మ" అని ఇంకో పంక్తి పెట్టడం నయం. ఒక పంక్తి పెరిగితే కొంప మునగదు.

కులం పేర్లదీ ఇదే తంటా. 1917 బెజవాడ మహాసభకి 'పంచమ' పేరుతో పిలుపు వెళ్లింది; సభ ఆ మాటని తోసేసి 'ఆది ఆంధ్ర' అని మార్చుకుంది. మనం ఇవాళ్టి 'దళిత' పదం పెట్టి ఆ శీర్షికల్ని దిద్దకూడదు. కాగితం మీద ఏ మాట ఉందో ఆ మాటే దించాలి. ఆ మార్పే కదా చరిత్ర! లైబ్రరీ కార్డుల్లో మాత్రం పంచమ, ఆది ఆంధ్ర, ఆది హిందూ, హరిజన అన్నీ వెతకాలి.

నిజాం రాష్ట్రపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. 590 కలిపితే మన లెక్క వస్తుందని నేర్పుతారు. ఆ యేడు అక్టోబరులో మొదలవుతుంది గనక మొదటి మూడు నెలలకే అది సరిపోతుంది, జనవరి నుంచి 591 కలపాలి. అంటే ఫసలీ 1340 కాగితాల్లో ఎక్కువ భాగం 1931వి. అసలు తేదీ ముందు రాసి, మార్చింది పక్కన రాయాలి.

పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రెండు భాగాలుగా రాసిన ఉద్యమ చరిత్రని ద్వితీయ ఆధారాల కింద పడేస్తుంటారు. ఆయన ఆ ఉద్యమంలో పనిచేసినవాడు. నా లెక్కలో అది ప్రాథమిక ఆధారమే.

ఇక నోటి మాట. అచ్చుకాని ఇంటర్వ్యూలు పాదసూచికల్లో ఉంటే చాలు, సూచిలో అక్కర్లేదని చికాగో పద్ధతి. అంటే రాసిన ప్రొఫెసరు జాబితాకెక్కుతాడు, ఆయనకి చెప్పిన ముసలమ్మ ఎక్కదు. మనం 'మౌఖిక ఆధారాలు' అని వేరే విభాగం పెట్టి ఆమె చెప్పుకున్న పేరు, ఊరు, తేదీ, టేపు ఎవరి దగ్గరుందో రాయాలి. ఆమెనడిగే రాయాలి. చుండూరు హత్యాకాండ (1991) కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. అలాంటి ఊళ్లలో సాక్షి పేరు అచ్చులో పడితే ఏమవుతుందో మనకి తెలుసు. వద్దంటే పేరు తీసేసి, జిల్లా, సంవత్సరం ఉంచి, అసలు వివరం మన నోటుబుక్కులోనే దాచాలి. గైడు ఒప్పుకోకపోతే ఆ ఇంటర్వ్యూ వదులుకోవడమే.