పిండినల్లి – అక్షింతల పురుగు: ఒక పరిశోధనా చరిత్ర

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో నిత్యం పారే నది ఒక్కటీ లేదు. తరతరాలుగా చెరువులు, బావులు, ఆ తరువాత బోరుబావులే ఇక్కడి రైతుకు ఆధారం. 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, నేడు వేరు జిల్లాగా ఏర్పడిన ఈ నేలలో బాగేపల్లి మెట్టపైరులను నమ్ముకొంటే, నందికొండల పాదాల చెంత ద్రాక్షపందిళ్ళు, చింతామణి వైపు మామిడి, మల్బరీ తోటలు విస్తరించాయి. నీటిచుక్కను ఇంత పొదుపుగా వాడి పండించిన పంట ఒక చిన్న పురుగు పాలు కావడం ఇక్కడివారు పలుమార్లు చూచినదే.

ఆ పురుగు పిండినల్లి. శాస్త్రజ్ఞులు దీనిని మాకోనెల్లికాకస్ హిర్సుటస్ అంటారు. ఆడపురుగు దూదివంటి సంచిలో వందలకొద్దీ గ్రుడ్లు పెడుతుంది. తీగ బెరడు క్రింద దాగి, గుత్తులు పండే వేళకు వాటిలోనికి చేరుతుంది. అది విసర్జించే తీపి జిగురుపై నల్లని మసి పట్టి గుత్తి సంతకు పనికిరాకుండా పోతుంది. ఆ జిగురుకు ఆశపడి వచ్చిన చీమలు దానికి కావలి కాయడం మరొక విశేషం! ఒంటిపై మైనపు పొడి ఉండటం చేత మందు దానికి సరిగా అంటదు. దాని శత్రువులైన మేలు పురుగులు మాత్రం మందుకు చచ్చిపోతాయి.

ఇదే పురుగు మల్బరీ కొనలను పట్టినపుడు ఆకులు ముడుచుకొని గిడసబారుతాయి. పట్టురైతులు దీనినే టుక్రా అంటారు. అక్కడ చిక్కు మరింత పెద్దది. మందు చల్లిన ఆకును మేపితే పట్టుపురుగే చచ్చిపోతుంది. శిడ్లఘట్ట గూళ్ళ సంతను నమ్ముకొన్న కుటుంబానికి ఇది జీవన్మరణ సమస్య.

దీనికి విరుగుడు ఆస్ట్రేలియా నుండి వచ్చింది. క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగును ఆల్బర్ట్ కోబెలే 1891-92 ప్రాంతంలో కాలిఫోర్నియాకు తీసికొనిపోయి నారింజ తోటలలో పిండినల్లిపై వదిలాడు. 1898లో మన దేశానికి దానిని తెచ్చినది మాత్రం కాఫీతోటల ఆకుపచ్చ పొలుసుపురుగు కోసం. ఆ పనిలో అది రాణించలేదు. దానిని అందరూ మరచిపోయారు. అర్ధ శతాబ్దం గడిచాక ఎం. పుట్టరుద్రయ్య, జి. పి. చన్నబసవణ్ణ, బి. కృష్ణమూర్తి దానిని బెంగుళూరులో మళ్ళీ గుర్తించి, 1952లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఎవరూ పోషించకుండానే ఆ జీవి ఈ వాతావరణంలో నిలద్రొక్కుకొన్నదన్నమాట. వారు వ్రాసినది చిన్న వ్యాసమే. కాని తరువాతి కృషికి అదే పునాది అయినదనడం అతిశయోక్తి కాదు.

1967లో స్థాపితమైన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ హెసరఘట్టలో ఈ కృషిని చేపట్టింది. అక్కడి కీటక శాస్త్రజ్ఞుడు ఎం. మణి, టి. ఎస్. తొంటదార్యతో కలిసి ద్రాక్షతోటలో పిండినల్లి ఏ కాలంలో పెరుగుతుందో, దాని సహజ శత్రువులు ఏవో పరిశీలించి 1987లో ప్రకటించారు. మరుసటి ఏట, అక్షింతల పురుగును తోటలో వదలి పిండినల్లిని అణచిన ఫలితాలను వెల్లడించారు. తీగకు 10 పురుగుల చొప్పున వదలాలన్నది ద్రాక్షరైతులకు అందిన సూచన.

వీటిని పెంచే పద్ధతి అతి సామాన్యమైనది. ఎర్ర గుమ్మడికాయలపై ముందుగా పిండినల్లిని పెంచి, ఆపై అక్షింతల పురుగులను వదులుతారు. అవి పెట్టిన గ్రుడ్లనుండి సుమారు నెల రోజులకు కొత్త తరం సిద్ధమవుతుంది. ఇంత పెద్ద శాస్త్రానికి గుమ్మడికాయ పీట వేసింది!

అయితే తోటలో ఒక చిక్కు ఉన్నది. ఈ అక్షింతల పురుగు పిల్ల కూడా ఒళ్ళంతా తెల్లని మైనపు పోగులతో పిండినల్లివలెనే కనబడుతుంది. తెలియని రైతు తన మిత్రుణ్ణే శత్రువనుకొని చేజేతులా నలిపివేసే ప్రమాదముంది. దానిని గుర్తుపట్టడం నేర్పడం కూడా విస్తరణ కార్యకర్తల పనిలో భాగమే.

2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి అనే మరొక పరదేశి బయటపడి, బొప్పాయితోపాటు మల్బరీని కూడా పీడించింది. బెంగుళూరులోని జాతీయ సంస్థ 2010లో ప్యూర్టోరికో నుండి అసెరోఫేగస్ పపాయే అనే సూక్ష్మమైన కందిరీగ జాతి కీటకాన్ని తెప్పించి పెంచి పంచింది. అది తోటలలో నిలద్రొక్కుకొని ఆ పీడను అదుపులోనికి తెచ్చింది.