చలినేలలో వెదురు

సూరతు నగరంలో ఖటోదరా మరమగ్గాలకూ చిన్న చిన్న కార్ఖానాలకూ పేరుపడిన పేట. ఇక్కడ వెదురును ఎరుగనివారు లేరు. ఇల్లు లేచే చోట పరంజాకు వెదురు. బజారులో బుట్టకూ చేటకూ నిచ్చెనకూ వెదురు. తెలంగాణము నుండి ఈ నగరానికి వలస వచ్చిన నేతగాండ్ర కుటుంబాలకైతే వెదురు మరింత పాత చుట్టం. చేతిమగ్గం మీద పడుగు పోగులను ఎడంగా నిలిపే పన్నె పండ్లను ఒకప్పుడు వెదురు బద్దలతోనే చేసేవారు. నగరానికి ఆగ్నేయంగా ఉన్న డాంగు అడవులలో వెదురు విస్తారంగా పెరుగుతుంది. దానిని చీల్చి, అల్లి, అమ్ముకొని జీవించే కోట్వాలియాలు ఈ దక్షిణ గుజరాతు వారే.

జనవరి రాత్రులలో సైతం నీరు గడ్డకట్టడం ఎరుగని ఈ నేలమీద నిలిచి ఆలోచించేవానికి వెదురు వేడిదేశపు సొత్తుగా తోచడంలో వింత లేదు. గోదావరి కొండలలోనూ నల్లమలలోనూ దానిని చూచిన తెలుగువారి అభిప్రాయమూ ఇదే. కాని ఈ అభిప్రాయంలో సగమే నిజం. మంచు కురిసే నేలలలో వెదురు వేలయేండ్లుగా బ్రతుకుతున్నది. అక్కడ దానిని నాటి, కాచి, నరికి అనుభవించినవారి చరిత్రను పరిశీలించితే, మొక్కకు సంబంధించిన ప్రశ్న క్రమంగా మనిషికి సంబంధించిన ప్రశ్నగా మారుతుంది. చలిలో వెదురు ఎట్లా బ్రతుకుతుందని మొదలుపెట్టినవారము, వెదురు ఎవరిదని అడగకుండ ముగించలేము.

మొదట మొక్క సంగతి. వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి. దాని జీవమంతా నేలలోని దుంపకాండంలో ఉన్నది. పైన కనిపించే గడ ఆ జీవం పంపిన దూత వంటిది. ఈ దుంప రెండు తీరులు. మన అడవులలోని వెదురుకు దుంప పొట్టిగా, లావుగా ఉండి, కొత్త గడను తల్లిగడ పక్కనే లేపుతుంది. అందువల్ల అది పొదగా పెరుగుతుంది. రెండవ తీరులో దుంప సన్నగా, పొడవుగా నేలలో పరుగెత్తి, దూర దూరంగా గడలను లేపుతుంది. చైనా, జపానులలో ప్రసిద్ధమైన ఫిలోస్టాకిస్ జాతి ఇట్టిది. మన వెదురుకు పిలకలు వానకాలంలో వస్తాయి. శీతకాలం వచ్చేనాటికి ఆ లేతగడలు ఇంకా ముదరవు. మంచు పడితే మొదట చచ్చేవి అవే. పరుగువేరు వెదురు వసంతంలోనే పిలకలు వేసి, ఎండకాలమంతా ముదిరి, గట్టిపడిన దేహంతో చలిని ఎదుర్కొంటుంది. దాని రకాలు కొన్ని సున్నకు దిగువ పదిహేను డిగ్రీల చలిని సైతం ఓర్చగలవు.

అయితే ఈ విభజన నిరపవాదమైనది కాదు. హిమాలయాలలోనూ మధ్య చైనా కొండలలోనూ పొదగా పెరిగే వెదుళ్లలోనే చలిని మిక్కిలి ఓర్చేవి ఉన్నవి. జపాను ఉత్తర దీవులలోనూ, ఇంకా పైన కురీలు దీవులలోనూ, సఖాలిన్‌లోనూ పెరిగే పొట్టి వెదురు మంచు దుప్పటి కిందనే శీతకాలాన్ని గడుపుతుంది. దానికి మంచు శత్రువు కాదు, కాపు. నిజానికి వెదురును చంపేది కేవలం చలి కాదు. నేల గడ్డకట్టినపుడు వేరు నీటిని పీల్చలేదు. ఎండిన గాలి మాత్రం ఆకులలోని తేమను లాగుతూనే ఉంటుంది. కడపట మొక్క దాహంతో చస్తుంది. అందుకే చలిదేశాలలో వెదురు పెంచేవారు గాలి తగలని చోటు చూస్తారు. రాలిన ఆకును ఊడ్చివేయక వేరుమీదనే ఉంచుతారు. పైన గడ మాడినా, కింద దుంప బ్రతికి ఉంటే వసంతంలో తోట మళ్లీ లేస్తుంది.

ఈ రహస్యాన్ని మొదట ఆస్తిగా మార్చుకొన్నవారు చైనీయులు. క్రీస్తుకు పూర్వం సుమారు నూరేండ్లనాడు చరిత్రకారుడు సీమా చియెన్ తన దేశంలోని సంపదలను లెక్కిస్తూ, వెయ్ నది లోయలో వెయ్యి మూల వెదురుతోట గలవాడు వెయ్యి కుటుంబాల పన్ను అనుభవించే ప్రభువుతో సమానుడని వ్రాసినాడు. మూ అనేది వారి భూమి కొలత. ఆ లోయ పసుపునదికి ఉపనది అయిన వెయ్ ప్రవహించే ఉత్తర ప్రాంతం. అక్కడ శీతకాలపు రాత్రులలో నీరు గడ్డకడుతుంది. హాన్ రాజులూ, తరువాత తాంగ్ రాజులూ అక్కడి వెదురుతోటల పర్యవేక్షణకు ప్రత్యేకంగా అధికారులను నియమించినారు. ఇరవయ్యవ శతాబ్దంలో చూ కోచెన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1972లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో ఇట్టి ఆధారాలనే పరిశీలించి, చైనాలో ఐదువేల యేండ్ల చలివేడిమిల హెచ్చుతగ్గులను అంచనా వేసినాడు. ఒకనాటి రాజోద్యోగుల జాబితా మరొకనాటి శాస్త్రానికి ఉష్ణమాపకమైనది.

చైనా నుండి వెదురు సముద్రం దాటింది. జపానులో నేడు పెద్ద పెద్ద తోటలుగా కనిపించే మోసో వెదురు ఆ దేశపు ఆదివాసి కాదు. 1736లో సత్సుమా ప్రభువైన షిమాజు వంశీయుడు ర్యూక్యూ దీవుల మీదుగా రెండు మొక్కలను తెప్పించి కాగోషిమాలోని తన ఉద్యానంలో నాటించినాడని అక్కడి సంప్రదాయం. ఆ వెదురు దేశమంతటా వ్యాపించి, పిలక కూర అయింది, గడ పనిముట్టు అయింది.

ఐరోపాకు వెదురు వెళ్లిన తీరు వేరు. అక్కడ అది ముందు వేడుక. 1856లో యూజీన్ మాజెల్ అనే సుగంధద్రవ్యాల వ్యాపారి ఫ్రాన్సు దక్షిణాన, సెవెన్ కొండల అడుగున, అండూజ్ సమీపంలో వెదురువనానికి పునాది వేసినాడు. గార్డన్ నది నుండి కాలువ తెచ్చి తోటను తడిపినాడు. వనం పెరిగింది గాని ధనం తరిగింది. 1890 ప్రాంతంలో ఆయన దివాలా తీసినాడు. 1902లో ఆ తోట వేరొక కుటుంబం చేతికి పోయి, నేటికీ నిలిచి ఉన్నది. ఇంగ్లండులో క్యూ ఉద్యానంలో 1891లో వెదురుతోట ఏర్పడినది. పెకింగులోనూ జపానులోనూ దౌత్యోద్యోగం చేసివచ్చిన మిట్‌ఫర్డ్ 1896లో వెదురుతోటలను గురించి ఒక గ్రంథమే వ్రాసి, చలిదేశస్థులకు ధైర్యం చెప్పినాడు.

ఈ వేడుకలో ఒక ప్రమాదం దాగియున్నది. 1907లో ఎర్నెస్ట్ విల్సన్ మధ్య చైనా కొండలలో చలికి చెక్కుచెదరని ఒక పొదవెదురును సేకరించినాడు. దానికి ఆయన కుమార్తె మ్యూరియల్ పేరు వచ్చింది. ఆ మొక్క అమెరికా చేరి, 1913లో క్యూకు వచ్చింది. ఐరోపా తోటలలోని ఈ జాతి యావత్తూ ఆ ఒక్క మొక్కను చీల్చి పంచుకొన్నదే. వెదురు ఎన్నో దశాబ్దాలకు ఒక్కసారి పూచి, పూచిన తరువాత చచ్చే స్వభావం కలది. ఒకే తల్లి బిడ్డలు ఎక్కడ ఉన్నా ఇంచుమించు ఒకే కాలంలో పూస్తాయి. 1970లలో డెన్మార్కులో మొదలైన పూత 1990లలో ఐరోపా అంతటికీ పాకింది. ఎనుబది శీతకాలాలకు చావని వెదురు తన పూతకు తాను చచ్చింది. గింజల నుండి కొత్త మొక్కలను పెంచుకొనవలసి వచ్చింది. మన మిజో కొండలలో 1959లో ఇట్టి పూత తరువాత ఎలుకలు పెరిగి పంటలు తిని కరవు తెచ్చిన సంగతి చరిత్రకెక్కినదే. ఐరోపాలో పోయింది తోట అందం; మిజో కొండలలో పోయింది అన్నం. వెదురు వేడుకగా ఉన్నచోటికీ జీవికగా ఉన్నచోటికీ గల అంతరం ఇది.

ఇక మన దేశపు చలినేలలు. కుమావూఁ, గఢ్వాల్ కొండలలో రింగాల్ అనే సన్నని వెదురు ఓక్, దేవదారు అడవుల నీడలో, మంచు పడే ఎత్తులలో పెరుగుతుంది. గఢ్వాలులోని రుడియాలు దానితో బుట్టలూ చాపలూ అల్లి తరతరాలుగా జీవించినారు. అయితే రింగాల్ ప్రధానంగా అడవిలో పెరిగేది, అడవి సర్కారుది. కొడవలి పట్టినవానికి చలికంటె అనుమతి పెద్ద చింత అయింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ అరుణాచలంలోని జీరో లోయలో ఉన్నది. సముద్రమట్టానికి సుమారు ఐదువేల అడుగుల ఎత్తున ఉన్న ఆ లోయలో శీతకాలపు ఉదయాలు పొలాలమీద తెల్లని మంచుపొరతో తెల్లవారుతాయి. అక్కడి ఆపతానీలు పరుగువేరు వెదురును గ్రామాల పక్కనే, దడులు కట్టిన తోటలలో, దుంపలు నాటి పెంచుతారు. తోటకు యజమాని కుటుంబం. మధ్య మధ్య దేవదారు బంధువైన నీలిపైను చెట్లు. ఈ వెదురునూ పైనునూ తమ పూర్వులు వలసవస్తూ వెంట తెచ్చుకొన్నారని వారు చెప్పుకొంటారు. ముదిరిన గడనే నరుకుతారు, లేతగడను కాపాడుతారు. ఇంటి నేల, గోడ, దడి, పాత్ర అన్నీ ఆ తోటవే.

1944లో ఆ లోయకు వెళ్లినవాడు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఈ పేరు తెలుగువారికి కొత్తది కాదు. అంతకుముందే హైదరాబాదు సంస్థానంలో చెంచులనూ, గోదావరి తీరపు కొండరెడ్లనూ, గోండులనూ ఆయన పరిశీలించినాడు. గోదావరి కొండలలో ఆయన చూచినది మరొక దృశ్యం. అక్కడ వెదురు నాటకుండగనే పుష్కలంగా పెరిగేది. కాని దానిని నరికే హక్కును సర్కారు నుండి వర్తకులు పొందేవారు. కొండరెడ్లు వారి అప్పులలో చిక్కి, తమ కొండమీది వెదురును కూలికి నరికి నదికి చేర్చేవారు. వేడినేలలో వెదురు సమృద్ధిగా ఉండి, దానిని నరికేవాడు దరిద్రుడైనాడు. చలినేలలో వెదురును కష్టపడి నాటవలసి వచ్చి, నాటినవాడు యజమాని అయినాడు.

ఈ అంతరం ప్రకృతి పెట్టినది కాదు. 1927 నాటి భారత అటవీ చట్టం చెట్టు అనే మాటకు అర్థం చెబుతూ వెదురును అందులో చేర్చింది. గడ్డి చెట్టయినది. దాని ఫలితంగా సొంత పొలంలో వెదురు పెంచిన రైతు సైతం నరకడానికీ తరలించడానికీ అనుమతులకై తిరుగవలసి వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న అటవీ ఫలసాయంగా గుర్తించి, అడవిలో నివసించేవారికి దానిమీద హక్కు చెప్పింది. ఆ హక్కు కాగితం మీదనుండి చేతికి వచ్చుటకు కాలం పట్టింది. తెలంగాణకు పొరుగున ఉన్న గడ్చిరోలీ జిల్లాలోని మేంఢా లేఖా గ్రామసభ 2011లో తన అడవి వెదురును తానే అమ్ముకొనే అధికారం సాధించింది. 2017 చివర వచ్చిన సవరణ అడవి వెలుపల పెరిగిన వెదురును చెట్ల జాబితానుండి తొలగించింది. తొంబదియేండ్ల తరువాత, అడవి దాటిన నేలమీదనైనా, గడ్డి మళ్లీ గడ్డి అయింది.

కోట్వాలియాకూ, రుడియాకూ, కొండరెడ్డికీ ఈ మార్పుల విలువ ఎంత అనేది అడవి లోపలి వెదురుమీద ఆధారపడి ఉన్నది. వారు బుట్ట అల్లే గడ అక్కడిదే. చలికి వెదురు చావదని వెయ్ లోయ, అండూజ్, జీరో తేటగా చూపినవి. నేల గడ్డకట్టినా, దుంపమీద ఆకు కప్పేవాడు ఉంటే చాలును. ఆ ఆకును కప్పే ఓపిక, వచ్చే వసంతంలో లేచే పిలక తనదేనని నమ్మకం గలవానికే ఉంటుంది.